బిల్లులో రాని బాకీ

బిష్కెక్,
మే మొదటివారం.

అక్క సైరాగుల్ ఎజెకి, చెల్లెలు జిపార్ సలాం.

ఎజె, మీరు మందతో కొండెక్కేశారని మీ కొడుకు ఉలాన్ దిగువనుంచి ఫోన్ చేసి చెప్పాడు. మళ్లీ మంచు పడి కిందికి దిగేదాకా వాడి ఫోన్ కూడా మూగదే కాబట్టి, పాలలారీ ఎర్కినే మనకి దిక్కు. ఉత్తరం చేతిలో పెడితే, "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేంటి? నాకు మోతకూలీ ఇవ్వాల్సిందే" అని నవ్వాడు. మీ దగ్గర ఒక గిన్నెడు కుమీస్, ఆ పులిసిన గుర్రంపాలు, తాగమన్నాను. ఒప్పుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, మా ఆయన మెలిస్‌కి చెవులొచ్చాయి! ట్రాలీబస్సు నడపడం మానేసి పింఛను పుచ్చుకున్న దగ్గర్నుంచీ మా ఇంట్లో మాటలన్నీ కేకలైపోయాయని మీకు తెలుసు. ఒకరోజు "టీలోకి పాలు లేవు" అంటే, "ఎవరూ లేరా? ఎక్కడికి పోయారు?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనవడు ఫోన్ చేస్తే ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేవాడు, వినపడటం లేదని వాడికి తెలియకూడదని. అది చూడలేకపోయాను.

బజారు వెనక సందులో చెవి మిషన్లు అమ్మే చిన్న దుకాణం ఉంది. యజమాని తమారా అని ఒకావిడ. పనంతా చేసేది మాత్రం పెరిజాత్ అనే అమ్మాయి. ఎంత ఓపికో! మెలిస్ తల అటూ ఇటూ తిప్పుతూ, "పెద్దాయనా, ఇప్పుడు నా మాట ఎక్కడినుంచి వస్తోంది?" అని తండ్రిని బతిమాలినట్టు అడిగింది. మెలిస్ ఒక్కసారిగా ఆగిపోయి, "బయట పిచికలున్నాయా?" అన్నాడు. ఉన్నాయి. ఇంటికొచ్చాక మొదటి ఫిర్యాదు, నేను ఊపిరి గట్టిగా తీస్తానట.

ఖరీదు మీరు ఎలాగూ అడుగుతారు. తొంభై వేల సోమ్. కుట్టు కార్ఖానాలో నా మూడు నెలల జీతం. క్రెడిట్ కార్డు గీకాను, నెలనెలా తీర్చుకుంటాను. ఏడాది తిరిగేదాకా కొత్త బూట్ల మాట ఎత్తను.

మీ భుజం ఎలా ఉంది?

మీ జిపార్


సోంకోల్ గట్టు,
మే చివర.

జిపార్‌కి,

నీ ఉత్తరం గుడారంలో అందరికీ చదివి వినిపించాను. పిచికల దగ్గర నా కోడలు కళ్లు తుడుచుకుంది. మెలిస్‌తో చెప్పు, ఈ వేసవి ఇటు వస్తే వినడానికి ఇక్కడ గాలి తప్ప ఏమీ లేదని. అది మాత్రం పుష్కలం.

ఎర్కిన్ ఒక గిన్నెడు కాదు, మూడు తాగాడు. ఇకనుంచి చిన్న ఉత్తరాలు రాయి.

భుజం గురించి అడిగావు. మీగడ తీసే మిషన్ పిడి తిప్పీ తిప్పీ కుడి చెయ్యి జడ అల్లుకోవడానికి కూడా లేవటం లేదు. కోడలు అల్లుతోంది, ఆవుతోక అల్లినట్టు. మా పక్క గుడారం వాళ్లు ఎండతో నడిచేది తెచ్చుకున్నారు. మీట నొక్కి టీ తాగుతూ కూర్చుంటారు. నాకు అసూయ లేదు. కొంచెం ఉంది.

సైరాగుల్


బిష్కెక్,
జూన్.

ఎజె,

ఎర్కిన్ లారీలో రెండు అట్టపెట్టెలు వస్తున్నాయి. పెద్దదాంట్లో మీగడ తీసే మిషన్, మోటారుది. చదునుగా ఉన్నదాంట్లో ఎండ పలక. దాన్ని మోస్తూ ఎవరైనా పడితే పగులుతుంది, ఉలాన్‌ని ఒక్కణ్ణే ముట్టుకోమనండి. ఇకనుంచి మీరు కూడా టీ తాగుతూ కూర్చోండి.

డబ్బు ఎక్కడిది అని రాయొద్దు. ఈ నెల కార్డు బిల్లు అనుకున్నదానికన్నా తక్కువ వచ్చింది. నన్ను పెంచింది ఆ భుజమే. నన్ను ఎత్తుకుని మీరు వాగు దాటిన రోజులు నాకు గుర్తులేవు గానీ అమ్మ చెప్పేది.

మెలిస్ బాగున్నాడు. మనవడితో ఫోన్‌లో చదరంగం ఆడుతున్నాడు, ఎత్తులు నోటితో చెప్పుకుంటూ.

మీ జిపార్


సోంకోల్ గట్టు,
జూలై మొదట్లో.

జిపార్,

మిషన్ బిగించాం. మొదటిసారి అది దానంతటదే తిరుగుతుంటే మా కుక్క దాని చుట్టూ మొరుగుతూ తిరిగింది. మీగడ ఇటు, పాలు అటు. నేను ఊరికే నిలబడి చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వారం తిరక్కముందే జడ నేనే అల్లుకున్నాను. ఆ సుఖం ఏమని రాయను?

కానీ ఒక మాట. రాయొద్దన్నావు గనుకే రాస్తున్నాను. ఏడాది తిరిగేదాకా బూట్లు కొననని మేలో రాసిన మనిషివి, జూన్‌లో మోటారు మిషన్ పంపావు. బిల్లు తక్కువ వచ్చిందన్నావు. చెవులు కొన్న నెలలో బిల్లు తక్కువ ఎలా వస్తుంది? వడ్డీకి గానీ తెచ్చావా? అయితే చెప్పు, వెన్న అమ్మి పంపుతాను. నువ్వు నా దగ్గర దాచిన ఏ సంగతీ చిన్నప్పుడు కూడా సాయంత్రందాకా నిలవలేదు.

సైరాగుల్


బిష్కెక్,
జూలై మధ్యలో.

ఎజె,

అప్పు చేయలేదు. మీకు నిద్ర పట్టదని చెప్తున్నాను, వినండి.

కార్డు గీకిన రోజు నా ఫోన్‌లో ఆ తొంభై వేలు 'ఆపి ఉంచాం' అని కనిపించింది. కొన్నాళ్లకి ఆ మాట మాయమైంది. బిల్లు వచ్చింది. అందులో రొట్టె ఉంది, కరెంటు ఉంది, చెవులు లేవు. వచ్చే నెల వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. బ్యాంకుకి ఫోన్ చేశాను. "దుకాణం మాకు పంపలేదు ఎజె. వాళ్లు పంపకపోతే మేము మీ దగ్గర వసూలు చేయలేం" అన్నాడు అక్కడి కుర్రాడు. "మరి నేనేం చేయాలి?" అంటే, "మీరేం చేయక్కర్లేదు" అన్నాడు. ఆ మాట నేను కల్పించలేదు.

కార్ఖానాలో నా పక్కన కుట్టే ల్యూబాకి చెప్పాను. "ఒక్కరోజు ఆలస్యమైతే నాకు జరిమానా వేసిన బ్యాంకు అది. ఒక్కసారి మనవైపు మర్చిపోయింది, అంతేగా! నోరు మూసుకుని టీ తాగు" అంది. మర్చిపోయింది బ్యాంకు కాదు, దుకాణం అని నాకు తెలుసు. ల్యూబాకి ఆ తేడా చెప్పలేదు.

అప్పటికీ ఒకటి అనుకున్నాను. మీ మందలోకి ఎవరిదో గొర్రె వచ్చి చేరితే అది మీ దొంగతనం కాదు కదా? మీరు తోలుకురాలేదు. దానంతటది వచ్చింది.

జూన్ చివర ఆ దుకాణం అమ్మాయి, పెరిజాత్, ఫోన్ చేసింది. "ఎజె, మీ డబ్బు మాకు అందలేదేమో అనిపిస్తోంది. ఒకసారి మీ కార్డు బిల్లు చూసి చెప్తారా?" అంది. నేను "నా దగ్గర చీటీ ఉందమ్మా, చెల్లింపు అయిందనే ఉంది" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చీటీ ఉంది. దాని మీద అలాగే ఉంది. "అయితే సరే ఎజె, తప్పుగా అనుకోకండి" అని పెట్టేసింది.

మెలిస్‌కి ఇవేవీ తెలియవు. మీరు కూడా ఉలాన్ దగ్గర ఎత్తకండి. ఆ డబ్బులో కొంతతో మీ మిషన్ వచ్చింది. మంచి పనికే వెళ్లింది కదా.

జిపార్


సోంకోల్ గట్టు,
ఆగస్టు.

జిపార్,

ఎర్కిన్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రెండుసార్లూ "ఇంకా రాయలేదు" అని ఉత్తచేతులతో పంపాను. "ఎజె అక్షరాలు మర్చిపోయారా?" అని వెక్కిరించాడు.

ఎందుకు రాయలేదో చెప్తాను. నువ్వు చేసింది తప్పని రాస్తే, మిషన్ వెనక్కి పంపాలి. పంపాలని లేదు. ఇన్ని రోజులూ పొద్దున్నే మీట నొక్కుతూనే ఉన్నాను. నొక్కినప్పుడల్లా నీ ఉత్తరం గుర్తొస్తుంది. గుర్తొచ్చినా నొక్కుతాను. కాబట్టి నేను పైన కూర్చుని నీకు నీతులు చెప్పే మనిషిని కాను.

అయినా గొర్రె గురించి మాత్రం నాతో వాదించకు. ఆ విషయం నాకు తెలుసు. మందలోకి పరాయి గొర్రె వస్తే మేము దాన్ని తోలెయ్యం, నిజమే. మేపుతాం, నీళ్లు పెడతాం. కానీ చుట్టూ ఉన్న గుడారాలకి కబురు పెడతాం, 'చెవికి ఇలా గాటు ఉన్న గొర్రె మా దగ్గరుంది' అని. ఎవరూ రాకపోతే అప్పుడు వేరే మాట. నీ దగ్గరికి గొర్రె కోసం మనిషి వచ్చింది. గుమ్మంలో నిలబడి అడిగింది. నువ్వు లోపల మాంసం ఉడుకుతుండగా, "మా మందలో నా గొర్రెలే ఉన్నాయి, చూసుకో" అన్నావు.

చీటీ మీద ఉన్నది నిజమే కావచ్చు. ఆ అమ్మాయి అడిగింది చీటీ గురించి కాదు. బిల్లు చూడమంది.

ఒక్కటే అడుగుతాను. దుకాణం ఆవిడ ఎందుకు ఫోన్ చేయలేదు? ఆ అమ్మాయే ఎందుకు చేసింది? ఆమె గొంతు ఎలా ఉంది?

సైరాగుల్


బిష్కెక్,
ఆగస్టు.

ఎజె,

గొంతు గొంతులాగే ఉంది. నేనేం డాక్టర్నా?

మీకు కొండమీద అన్నీ తేటగా కనిపిస్తాయి. ఇక్కడ నాకు కనిపించేవి వేరు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా జిప్పులు కుట్టి, ఎవరి తప్పుకో నా జీతంలో కోత పడితే నోరెత్తకుండా వచ్చేదాన్ని. ఒక్కసారి ఎవరి తప్పువల్లో నాకు కాస్త కలిసొస్తే అది పాపమైపోయిందా?

అంత శుద్ధంగా ఉండాలనుంటే మిషన్ ఎర్కిన్‌కి ఎత్తించండి. మళ్లీ చేత్తో తిప్పుకోండి. నేను అడ్డుపడను.

జిపార్


సోంకోల్ గట్టు,
ఆగస్టు చివర.

చిట్టితల్లీ,

మిషన్ పంపడం లేదు. అది వెనక్కి వస్తే నువ్వు మీ వసారాలో పెట్టి దాన్ని చూసి ఏడుస్తావు. ఎవరికి లాభం?

మూడు గొర్రెలు అమ్మాను. మిషన్ ఖరీదు ఎర్కిన్ చేతికి కవరులో ఇచ్చాను. దారిలో తెరవడు, ఒట్టు వేయించాను. ఇక మిషన్ నాది, నా డబ్బుతో కొన్నది. ఉలాన్ ఎందుకమ్మావని అడిగాడు. "మిషన్ బాకీ" అన్నాను. వాడు ఇంకేం అడగలేదు.

కవరు నీ చేతికొచ్చాక ఏం చేస్తావో నీ ఇష్టం. బూట్లు కొనుక్కున్నా నేను అడగను. కానీ నువ్వు గొంతు సంగతి తప్పించావు. నువ్వు దేన్ని తప్పిస్తే అదే నిన్ను కొరుకుతోందని నాకు తెలుసు. నీ పాలపళ్ల నాటి నుంచీ తెలుసు.

ఎజె


బిష్కెక్,
సెప్టెంబరు మూడోవారం.

ఎజె,

మీరు కొండ దిగేలోపు ఇది అందాలని ఎర్కిన్ వెంటపడి ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే మధ్యలో ఏదో అబద్ధం ఆడతానని భయం.

కవరు వచ్చిన రోజు దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాను. ఏమీ చేయలేదు. ఆ వారంలోనే పెరిజాత్ మళ్లీ ఫోన్ చేసింది. నేను వంటగదిలో ఉన్నాను. చేతికి పిండి ఉందని ఫోన్ మాట బయటికి వినపడేలా పెట్టి, తలుపు వేసుకున్నాను. "ఎజె, దయచేసి ఒక్కసారి బిల్లు చూడండి, మీకు దండం పెడతాను" అంది. "చూశానమ్మా, అంతా సరిగ్గానే ఉంది" అన్నాను. ఈసారి చీటీ మాటైనా అనలేదు. నేరుగా అబద్ధమే.

భోజనం దగ్గర మెలిస్ చెంచా కింద పెట్టి, "ఎవరా అమ్మాయి? ఎందుకు ఏడుస్తోంది?" అన్నాడు.

నేను "ఎవరూ ఏడవలేదు" అన్నాను.

"ఏడ్చింది జిపార్. గోడ ఇవతలికి వినిపించింది. నాకిప్పుడు వినపడుతుంది, మర్చిపోయావా?"

అన్నీ చెప్పేశాను. తను అరవలేదు. అరిచుంటే బాగుండేది. రెండు చెవులనుంచీ మిషన్లు తీసి బల్లమీద పెట్టి, "ఇవి ఎవరివో తేలాక పెట్టుకుంటాను" అన్నాడు. పొద్దున మనవడు చదరంగానికి ఫోన్ చేస్తే, "తాతకి పని ఉంది" అని నాతో చెప్పించాడు. నేనే చెప్పాల్సి వచ్చింది ఎజె. మనవడు "సరే" అని పెట్టేశాడు. అప్పుడు బీరువా తీశాను.

మీ కవరు, నేను దాచినవి, కొంచెం ల్యూబా దగ్గర చేబదులు, అంతా కలిపి తొంభై వేలు చేసి ఇద్దరం దుకాణానికి వెళ్లాం. పెరిజాత్ లేదు. తమారా ఉంది. నేను ఏమన్నానో తెలుసా? "ఇప్పుడే బిల్లులు సరిచూస్తుంటే కనిపించిందండీ, పొరపాటు జరిగింది" అన్నాను. అప్పుడు కూడా! మెలిస్ నావైపు చూశాడు. మాట వినపడకపోయినా నా మొహం చదివాడు; బయటికొచ్చాక ఏమన్నానో కేకేసి చెప్పించుకున్నాడు.

తమారా తెల్లబోయింది. "మేలో కార్డు మిషన్ పాతది తీసి కొత్తది పెట్టారు. ఆ రోజు లెక్క మూసి బ్యాంకుకి పంపాల్సిన పిల్ల, పెరిజాత్, పంపలేదు, పాత మిషన్‌తోపాటు ఆ లెక్కా పోయింది. మీకు ఫోన్ చేశానని, మీరు కట్టేశామన్నారని చెప్పింది. నేను నమ్మలేదు. సరుకు బయటికిచ్చి డబ్బు తినేసిందనుకున్నాను. జీతంలో కోశాను. పోయిన వారం మానేసింది" అంది. మళ్లీ తనే, "నేనేం చేయాలి? నాకూ అద్దె ఉంది" అంది. నాతో కాదు, గోడతో అన్నట్టు.

జీతంలో అప్పటికే కోసిన ముప్పై వేలు పెరిజాత్‌వి. కాబట్టి దుకాణానికి అరవై వేలిచ్చాం. మిగిలినవి పట్టుకుని అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లాం. బజారులో తన పిన్నిగారి బట్టల కొట్లో ఉంది. నన్ను చూసినా చేతిలో చొక్కా మడతపెట్టడం ఆపలేదు. డబ్బు ఇచ్చాను. లెక్కపెట్టుకుంది. "మీకు తెలుసని నాకు మొదటిసారే తెలిసింది ఎజె" అంది. "బిల్లు చూస్తానని అననివాళ్లు మీరొక్కరే. ఆ రోజు కొన్నవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరూ చూసి, వచ్చి కట్టారు."

"నన్ను క్షమించు" అన్నాను.

"తమారా గారితో ఏం చెప్పారు?"

ఆమె పెదవుల మీద తమారా పేరు చదివాడు కాబోలు. మెలిస్ చెప్పాడు: "ఇప్పుడే తెలిసిందని చెప్పింది."

అమ్మాయి చొక్కా కింద పెట్టింది. "అయితే నేను ఫోన్ చేశానన్నది ఇంకా అబద్ధమేగా ఆవిడ దృష్టిలో! నేను మర్చిపోయాను, అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ నన్ను దొంగ అన్నది అందుకు కాదు. కొత్త చోట పని అడిగితే వాళ్లు ఆవిడకే ఫోన్ చేస్తారు. ఈ డబ్బు లేకపోయినా నేను బతుకుతాను ఎజె. ఆ మాట మాత్రం మీరే వెళ్లి చెప్పాలి."

మళ్లీ ఆ సందులోకి నడిచాం. దారి పొడుగునా, రేపు వెళ్లొచ్చు కదా, ఉత్తరం రాసి పంపొచ్చు కదా అని నా కాళ్లు నాతో బేరమాడాయి. దుకాణంలో ఒక ముసలాయన చెవి చూపించుకుంటున్నాడు, ఆయన కూతురు పక్కన ఉంది. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే చెప్పనని తెలిసి, అందరి ముందే అన్నాను: "తమారా గారూ, ఆ అమ్మాయి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. నాకు జూన్‌లోనే తెలుసు. బ్యాంకులో అడిగి కూడా తెలుసుకున్నాను. తెలిసే కట్టలేదు. ఆమె మీతో చెప్పిందంతా నిజం."

ముసలాయనకి వినపడలేదు. ఆయన కూతురికి వినపడింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపు ఇంటిదాకా నా వీపుమీదే ఉంది.

తమారా నావైపు తిరిగింది. "మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు" అంది. "తెలిసేది కాదు" అన్నాను. అక్కడే ఫోన్ తీసి, మాట అందరికీ వినపడేలా పెట్టి పెరిజాత్‌కి చేసింది. "నేను నిన్ను అన్న మాట తప్పు. ఎవరు అడిగినా అదే చెప్తాను. కావాలంటే పనిలోకి తిరిగి రా" అంది. అవతల బజారు రొద. తర్వాత, "సరేనండి. ఇక్కడ బేరం ఉంది, పెట్టేస్తున్నాను" అని వినిపించింది. అంతే.

మెలిస్ ఆ రాత్రి మిషన్లు పెట్టుకున్నాడు. నాతో మాట్లాడుతున్నాడు, అవసరమైనంతవరకు. ల్యూబా నన్ను పిచ్చిదాన్నంది. అప్పు తీర్చడానికి ఆదివారాలు కూడా కుడుతున్నాను.

గొంతు ఎలా ఉందని అడిగారు కదా. మొదటిసారే వణికింది ఎజె. విన్నాను. వినలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ అమ్మాయి నన్ను క్షమించిందని మీకు రాయాలని ఉంది. ఫోన్‌లో పెరిజాత్ అన్న ఆ 'సరే' నన్ను క్షమించినట్టే ఉందని ఇంటికొస్తూ మెలిస్‌తో అనబోయాను కూడా. కానీ ఆమె ఆ మాట అనలేదు. అందుకని రాయడం లేదు.

మీ చెల్లెలు
జిపార్